డిసైడ్ అయిపోయాం, అయ్యగారూ!

(రేడియో ప్రసంగ పాఠము)

వాక్యభాగములు: ఆదికాండము 15:7-18, లూకా 9:51

ఈ వారం ఒక ఇంగ్లీషు మాటను గురించి మీతో మాట్లాడాలని ఉంది. ఇంగ్లీషు అనగానే పెద్ద వయసు తల్లులు రేడియో కట్టేయకండి. ఆ మాట మీకూ తెలుసు, మీరూ వాడతారు. "డిసైడ్" అనే మాట.

మేము కాపురముండేది చందానగర్‌లో. హైదరాబాదు నుండి ముంబయి వెళ్ళే పెద్ద రోడ్డు మీద మియాపూర్ దాటిన తరువాత, లింగంపల్లికి ముందు వస్తుంది. ఒకప్పుడు భెల్ కార్ఖానాలో పనిచేసేవారు, చుట్టుపక్కల పొలాలు దున్నుకొనేవారు ఎక్కువగా ఉండే చోటు. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ తెరిచారు. 2003లో ఎంఎంటీఎస్ రైళ్ళు మొదలయ్యాయి. ఆ తరువాత శ్రీకాకుళం మొదలుకొని అనంతపురం వరకు, ఆదిలాబాద్ మొదలుకొని ఖమ్మం వరకు అన్ని వైపులవారు వచ్చి ఇక్కడ చేరారు. ఏ కంపెనీ, ఏ దేశం, ఏ ఫ్లాటు, ఏ స్కూలు, ఏ సంబంధం అని ప్రతి ఇంట్లో ప్రతి నెలా ఏదో ఒకటి తేల్చుకోవలసిందే. అందుకని రైల్లో, షేర్ ఆటోలో, హాస్టల్ మెట్ల మీద ఈ మాట వినపడుతూనే ఉంటుంది.

ఆదివారం ఆరాధన అయిన తరువాత, చెప్పులు వేసుకొనే చోట నేను ఎక్కువసార్లు వినే మాట కూడా ఇదే. "డిసైడ్ అయిపోయాం, అయ్యగారూ. ప్రార్థన చేయండి." ముందు డిసైడ్ అవుతారు, తరువాత ప్రార్థన అడుగుతారు. రిజిస్ట్రేషన్ అంతా అయిపోయాక స్టాంపు కోసం వచ్చినట్లుగా. నేను నవ్వుకుంటాను, ప్రార్థన చేస్తాను. కాని ఆ వాక్యంలో ఉన్న ఒక చిన్న ముక్క నన్ను చాలా కాలంగా ఆలోచింపజేస్తోంది. "డిసైడ్" కాదు, దాని వెనక వచ్చే "అయ్యాం".

మీరూ గమనించండి. ఇంగ్లీషులో ఈ క్రియ ఒంటరిగా నిలబడుతుంది. "ఐ డిసైడెడ్" అంటారు. ఎవరు నిర్ణయించారో ఆ మనిషి వాక్యంలో మొదటనే నిలబడి ఉంటాడు. తెలుగులోకి వచ్చేసరికి అది ఒంటరిగా నిలబడలేదు, మన క్రియ ఒకటి ఊతంగా కావాలి. "చేయు" కావాలి, లేదా "అవు" కావాలి. "నాన్నగారు నా కోర్సు డిసైడ్ చేశారు." "మేనేజర్ డేట్ డిసైడ్ చేశారు." ఇతరుల విషయం తేల్చినప్పుడు "చేశారు" వస్తుంది. మన సంగతి వచ్చేసరికి "డిసైడ్ అయ్యాను". వేరెవరో చేస్తే అది పని. మనం చేస్తే అది జరిగిపోయిన సంగతి!

చిన్నపిల్లవాడు గాజు గ్లాసు క్రింద పడేస్తాడు. అమ్మ వంటగదిలో నుండి ఏమిట్రా ఆ శబ్దం అంటుంది. వాడేమంటాడు? "గ్లాసు పగిలిపోయిందమ్మా." పగలగొట్టానని అనడు. వాడికి వ్యాకరణం ఎవరూ నేర్పలేదు, అయినా ఎక్కడ "అవు" పెట్టాలో, ఎక్కడ "చేయు" మానాలో వాడికి తెలుసు. మనకూ తెలుసు.

అయితే భాష మీద నేరం మోపవద్దు. "సిద్ధమయ్యాను" అన్నవాడు సిద్ధపడకుండా ఉండిపోయాడని కాదు. "రెడీ అయ్యాను" అంటే ఎవరో వచ్చి తల దువ్వారని కాదు. "డిసైడ్ అయ్యాను" అని నిండు మనసుతో, బాధ్యతతో అనేవారు ఉన్నారు. ఆ మాట వాడకూడదని నేను చెప్పడం లేదు. ఆ మాట చాటున మనం ఏమి దాచుకుంటున్నామో చూసుకోమంటున్నాను.

మన తెలుగులోనే దీనికి సరిపడిన మాట ఉంది. "నిర్ణయించుకొన్నాను." ఇందులో చివర ఉన్న "కొను" చూడండి. వండాను, వండుకొన్నాను. చెప్పాను, చెప్పుకొన్నాను. మొదటిది ఎవరి కోసమైనా కావచ్చు, రెండవది నా కొరకు, నా మీదికి. "నిర్ణయించారు" అంటే ఎదుటివారి సంగతి. "నిర్ణయించుకొన్నాను" అంటే నాది. ఈ "కొను" విడిగా నిలబడితే దాని అర్థం తీసుకోవడం, వెల ఇచ్చి తీసుకోవడం. కూరగాయలు కొన్నాం అంటాం గదా! యెహోషువ తన చివరి దినాలలో ఇశ్రాయేలీయులను నిలబెట్టి, ఎవరిని సేవిస్తారో ఈ రోజే తేల్చమన్నప్పుడు మన తెలుగు బైబిల్లో వాడిన మాట "కోరుకొనుడి". అక్కడా కొను ఉంది. యెహోషువ 24వ అధ్యాయం తీసి చూడండి.

పరీక్షలు వ్రాసే పిల్లల కోసం ఒక్క నిమిషం. ఇంగ్లీషులో ఈ క్రియ వెనక రకరకాల చిన్న మాటలు వస్తాయి. ఒక పని చేయాలని నిశ్చయించుకుంటే "టు". చాలావాటిలో ఒకదాన్ని ఎంచుకుంటే "ఆన్". రెండింటి నడుమ తేల్చాలంటే "బిట్వీన్". వద్దనుకుంటే "అగైన్‌స్ట్". పెద్దలు కూడా ఈ చివరిదాన్ని గుర్తుంచుకోండి. ప్రతి నిర్ణయంలోనూ ఒక "అగైన్‌స్ట్" ఉంటుంది, పైకి చెప్పినా చెప్పకపోయినా. ఒకదాన్ని పట్టుకున్న చెయ్యి మరొకదాన్ని వదిలిపెట్టింది.

ఆ మాట పుట్టుకలోనే ఈ సంగతి ఉంది. "డిసైడ్" లాటిను భాష నుండి వచ్చింది. "డే" అంటే వేరుగా, అవతలికి. "కేదెరె" అంటే కోయడం, నరకడం. కోసి వేరుచేయడం అని అర్థం. పిల్లలు సైన్సు పుస్తకంలో కుంతకాలు అని చదువుకునే ముందరి పళ్ళను ఇంగ్లీషులో ఇన్సైజర్స్ అంటారు, కోసే పళ్ళు. అదే మూలం. రైతు సోదరులు కొట్టే పెస్టిసైడ్‌లో చివరనున్న "సైడ్" కూడా ఆ కత్తే.

మన పెద్దలకు లాటిను రాదు. అయినా వారు పట్టుకున్నది ఇదే పోలిక. సంతలో ఎంతసేపు మాట్లాడినా ధర కుదరకపోతే "బేరం తెగలేదు" అన్నారు. అన్నదమ్ముల గొడవ ఏళ్ళ తరబడి సాగితే "తెగని తగవు" అన్నారు. అటో ఇటో స్పష్టంగా చెప్పేవాణ్ణి "తెగేసి చెప్పాడు" అన్నారు. తెగడమంటే కత్తి పడటమే. మెదక్ వైపు నుండి వచ్చిన పెద్దమ్మలు మా సంఘంలో ఉన్నారు, వారు "ఫైసలా చేయుండ్రి" అంటారు. ఉర్దూ నుండి వచ్చిన ఈ మాటకు అరబ్బీ మూలం వేరుచేయడమే. పాత భూమి కాగితాల్లో ఫసలీ సంవత్సరం అని కనిపిస్తుంది గదా, ఆ ఫసలీ కూడా ఆ మూలం నుండే. పౌలు తన పత్రికలలో గ్రీకులో వాడిన "క్రినో" అనే మాటకూ మొదటి అర్థం వేరుపరచడమే. తీతుకు వ్రాస్తూ, చలికాలం నికొపొలిలో గడపాలని నిర్ణయించుకున్నానని చెప్పేచోట కూడా ఆయన వాడింది అదే మాట. ఎక్కడ ఉండాలి అనే మామూలు సంగతికి కూడా కోతమాటే! ఫ్లాటు వెదుకుతున్నవారు గమనించండి.

కాబట్టి ఏమీ తెగకుండా నిర్ణయం ఉండదు. రెండు ఆఫర్ లెటర్లు జేబులో పెట్టుకొని, నోటీస్ పీరియడ్ అయిపోయే ఆఖరి రోజు వరకు ఇద్దరికీ వస్తున్నానని చెబుతూ, మూడో చోట ఇంటర్వ్యూకు వెళ్ళే తమ్ముళ్ళను ఎరుగుదును. వారు "డిసైడ్ అయ్యాను అన్నా" అంటారు. ఇంకా ఏమీ తెగలేదు తమ్ముడూ, నువ్వు అనుకుంటున్నావు, అంతే.

అనుకోవడం వేరు. "అను"కు "కొను" చేరితే తనతో తాను చెప్పుకోవడం. లూకా 15వ అధ్యాయంలో ఆ చిన్న కుమారుడు పందులు మేపుతూ అనుకున్నాడు. తండ్రితో ఏమేమి చెప్పాలో మాటలు కూడా వరుసగా పేర్చుకున్నాడు. అక్కడితో కథ ఆగిపోయి ఉంటే? చక్కని మాటలు తయారు చేసుకున్న పందుల కాపరిగానే మిగిలిపోయేవాడు. 20వ వచనంలో లేచాడు. పందుల దొడ్డి వెనకబడింది, అక్కడ తెగింది. ఎన్నో ఏళ్ళుగా బాప్తిస్మం తీసుకోవాలనుకుంటున్నాము, అన్నతో సమాధానపడాలనుకుంటున్నాము, తాగుడు మానాలనుకుంటున్నాము అనేవారు ఈ ప్రసంగం వింటూ ఉండవచ్చు. మీరు అనుకున్నది మంచిదే. మరి, లేచారా?

రూతును చూడండి. దారి మధ్యలో నయోమి ఇద్దరు కోడళ్ళనూ వెనక్కి పంపుతుంది. ఓర్పా ఏడ్చింది, ముద్దు పెట్టుకుంది, పుట్టింటికి వెళ్ళింది. బైబిలు ఆమెను ఒక్క మాట అనలేదు. మనమూ అనకూడదు, ప్రసంగాల్లో ఓర్పాను ఊరకే తిట్టిపోస్తారు. రూతు మాత్రం తాను ఏమేమి వదులుతున్నదో ఒక్కొక్కటిగా చెప్పింది. జనమును, దేవతలను, చివరకు తన సమాధి ఉండవలసిన నేలను కూడా. అప్పుడు నయోమి చూసింది, ఈ పిల్లకు మనసు కుదిరిందని. ఇక బలవంతపెట్టడం మానింది. కుదరడమంటే నీళ్ళకుండ కుదురు మీద కూర్చున్నట్లు కదలకుండా నిలవడం. రూతు కోసుకున్నది తన బ్రతుకులోనిది. నయోమికి ఆ కత్తి తగలలేదు, తోడు దొరికింది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తున్నాను. కొంచెం బరువైన సంగతి, ఓపికపట్టండి. నిర్ణయమంటే కోత అని ఒప్పుకున్నాం. మరి ఆ కత్తి ఎవరి మీద పడుతోంది?

మా దగ్గరకు వచ్చిన ఒక కుటుంబం గురించి, వివరాలు మార్చి చెబుతాను. ముప్పై రెండు, ముప్పై మూడేళ్ళ సాఫ్ట్‌వేర్ తమ్ముడు. విదేశంలో ఉద్యోగం. "డిసైడ్ అయిపోయాం, అయ్యగారూ" అన్నాడు. నేను, "సంతోషం తమ్ముడూ. అయ్యాం అంటే ఎవరెవరు?" అని అడిగాను. నవ్వి భార్య వైపు చూశాడు. ఆ చెల్లెమ్మ నేల వైపు చూసింది. ఆమె తొమ్మిదేళ్ళుగా ఒక బడిలో లెక్కలు చెబుతోంది. అక్కడికి వెళితే ఆమెకు పనిచేసే అనుమతి ఉండదు. "అమ్మ సంగతి?" అని అడిగాను. ఊళ్ళో ఒంటరిగా ఉన్న తల్లికి మోకాళ్ళ నొప్పులు. "అమ్మ అడ్జస్ట్ అవుతుంది అయ్యగారూ, డబ్బులు పంపుతాం గదా" అన్నాడు.

ఆ సంభాషణలో క్రియలన్నీ చూడండి. కొడుకు డిసైడ్ అయ్యాడు. భార్య కన్విన్స్ అయింది. తల్లి అడ్జస్ట్ అవుతుంది. ముగ్గురికీ "అవు"! ఎవ్వరూ ఏమీ చేయలేదు. వర్షం పడినట్లు, పొద్దు గూకినట్లు అంతా అయిపోయింది. కాని కోత మాత్రం పడింది. ఒక చెల్లెమ్మ తొమ్మిదేళ్ళ పనిమీద, ఒక తల్లి సాయంకాలాల మీద.

వెళ్ళడం తప్పని నేను అనడం లేదు. అబ్రాహాము వెళ్ళాడు, రూతు వెళ్ళింది. వెళ్ళిన పిల్లలు పంపే డబ్బుతో నిలబడిన ఇళ్ళు, సంఘాలు మన మధ్య ఎన్నో ఉన్నాయి. నేను ఆ తమ్ముడితో చెప్పింది ఒక్కటే. "నేను నిర్ణయించుకొన్నాను, దీని వలన నీకు ఈ నష్టం కలుగుతుంది అని అమ్మతో, భార్యతో నీ నోటితో చెప్పు. చెప్పి, వారు ఏమంటారో కూర్చొని విను. ఆ తరువాత ప్రార్థన చేద్దాం." అతనికి అది నచ్చలేదు. ఆ వారం మాట్లాడలేదు. తరువాత ముగ్గురూ కలిసి వచ్చారు. ఏమి తేల్చుకున్నారో అది వారి ఇంటి సంగతి, నేను రేడియోలో చెప్పను.

న్యాయాధిపతుల గ్రంథం 11వ అధ్యాయంలో యెఫ్తా ఉన్నాడు. యుద్ధానికి ముందు తానొక్కడే మ్రొక్కుకున్నాడు. జయించి తిరిగి వస్తే, ఇంటి తలుపులో నుండి తనకు ఎదురు వచ్చినదాన్ని దేవునికి అర్పిస్తానన్నాడు. ఎదురు వచ్చింది ఎవరు? తంబురలు వాయిస్తూ, నాట్యం చేస్తూ ఒక్కగానొక్క కూతురు. మాట యెఫ్తాది, కత్తి కూతురిది. అంతకంటె బాధ కలిగించేది 35వ వచనం. ఆమెను చూసి బట్టలు చింపుకొని, నువ్వు నన్ను క్రుంగదీశావు అన్నట్లుగా ఆమెతోనే మాట్లాడాడు. తాను చేసినది తనకే "జరిగినట్లు" చెప్పుకోవడం ఎంత పాత అలవాటో చూశారా!

ఇది ఇళ్ళల్లోనే కాదు, పెద్ద పెద్ద కార్యాలయాల్లోనూ జరుగుతుంది. 2009 జనవరి 7వ తేదీని మన ప్రాంతంవారు మరచిపోరు. సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ తన డైరెక్టర్ల బోర్డుకు లేఖ వ్రాశారు. లెక్కల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్ల రూపాయలు లేనే లేవని అందులో ఉంది. మొదట చిన్నదిగా ఉన్న తేడా ఏళ్ళు గడిచేకొద్దీ అదుపు తప్పిపోయిందని, పులి మీద ఎక్కి అది మింగకుండా ఎలా దిగాలో తెలియని స్థితి వచ్చిందని వ్రాశారు. ఆ మనిషికి తీర్పు చెప్పడం నా పని కాదు, దానికి న్యాయస్థానాలు ఉన్నాయి. నాకు అందులో కనిపించేది ఈ క్రియే. ప్రతి మూడు నెలలకూ ఎవరో ఒకరు ఒక అంకె వ్రాశారు. వ్రాసిన ప్రతిసారీ అది ఒక నిర్ణయమే, దానికి ఆ పేరు పెట్టలేదు, అంతే. యాభై వేలకు పైగా ఉద్యోగులు ఆ ఉదయం ఇంటి లోన్ కాగితాలు బయటికి తీసి చూసుకున్నారు. వారిలో ఎవరూ ఏదీ డిసైడ్ చేయలేదు. ఆ ఏప్రిల్‌లో సంస్థ టెక్ మహీంద్రా చేతికి వెళ్ళి నిలబడింది, దేవునికి స్తోత్రం.

మన చేతిలో లేనివీ ఉన్నాయని ఒప్పుకోవాలి. అమెరికా హెచ్1బి వీసాలు ఏడాదికి 85,000 అని పరిమితి. అంతకంటె ఎన్నో రెట్లు అడిగేవారు ఉన్నందున ఏళ్ళ తరబడి లాటరీ తీశారు. 2025 సెప్టెంబరులో కొత్త దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము అని అక్కడి అధ్యక్షుడు ప్రకటన చేస్తే, మన వీధిలో ఎన్ని ఇళ్ళల్లో ఆ రాత్రి అన్నం సహించలేదో! ఫలానా పట్టణానికి వెళ్ళి ఒక సంవత్సరం వ్యాపారం చేస్తామని లెక్కలు వేసుకునేవారిని గురించి యాకోబు 4వ అధ్యాయంలో వ్రాసినది మన చందానగర్ కోసమే వ్రాసినట్లు ఉంటుంది. రేపు మనది కాదు. "వీసా రాలేదు" అన్నచోట "అయింది, కాలేదు" అనడం సత్యమే. అక్కడ కృంగిపోయినవారు తమను తాము నిందించుకోవద్దు. మన చేతిలో లేనిదానికి "అవు" సరిపోతుంది. మన చేతిలో ఉన్నదానికి కూడా అదే వాడుతున్నప్పుడు ఆగి చూసుకోవాలి.

ఇక విశ్వాసులం గనుక మనకు మరొక దాగుచోటు ఉంది. "దేవుడే డిసైడ్ చేశాడు అయ్యగారూ, ప్రభువు చిత్తం." అమ్మాయిని చూసి వచ్చి, కట్నం దగ్గర బేరం తెగక, ఆ పిల్లకు "ప్రార్థనలో సమాధానం రాలేదండి" అని కబురు పంపేవారు మన సంఘాల్లో లేరా? ఆ పిల్ల ఇక ఎవరి మీద కోపపడాలి? దేవుని మీదనా? మన సంతకం చేయవలసిన చోట ఆయన పేరు వ్రాయడం చిన్న సంగతి కాదు, ప్రియులారా. ఆయన నామమును వ్యర్థముగా ఉచ్చరించడమంటే ఒట్టు పెట్టుకోవడం ఒక్కటే కాదు.

అపొస్తలుల కార్యములు 15వ అధ్యాయంలో యెరూషలేము సంఘం ఎలా చేసిందో చూడండి. అన్యజనులలో నుండి వచ్చినవారు సున్నతి పొందాలా అనేది ప్రశ్న. చాలా తర్కం జరిగింది, 7వ వచనం దాచకుండా చెబుతుంది. పేతురు మాట్లాడాడు, బర్నబా పౌలు మాట్లాడారు, యాకోబు మాట్లాడాడు. చివరకు వ్రాసిన పత్రికలో పరిశుద్ధాత్మకు తోచింది అని మాత్రమే వ్రాసి ఊరుకోలేదు. మాకును అని కూడా చేర్చారు. తమ పేరు తప్పించుకోలేదు. ఆ తీర్మానం వలన ఎవరి మీద ఎంత భారం పడుతుందో కూడా లెక్కచూశారు. అవసరమైన వాటికంటె ఎక్కువ మోపకూడదన్నారు. ఆ పత్రిక చదివినప్పుడు అంతియొకయలోని సంఘం సంతోషించింది. మన కమిటీ మీటింగుల తీర్మానాలు చదివినప్పుడు ఎంతమంది సంతోషిస్తున్నారో, అది మరొక రోజు మాట్లాడుకుందాం.

మొదట చెప్పిన వాక్యభాగానికి వద్దాం. ఆదికాండము 15. అబ్రాము దేవుణ్ణి, ఇది నాకు ఎలా తెలుస్తుంది అని అడిగాడు. దేవుడు పెయ్యను, మేకను, పొట్టేలును తెమ్మన్నాడు. అబ్రాము వాటిని రెండేసి ఖండాలుగా కోసి, ఎదురెదురుగా పెట్టాడు. పక్షులను మాత్రం ఖండించలేదు. పొద్దు గూకుతూ ఉంది, గద్దలు వాలుతుంటే తోలుతూ ఉన్నాడు. 18వ వచనంలో యెహోవా అబ్రాముతో నిబంధన చేశాడని మన తెలుగు బైబిల్లో ఉంది. హెబ్రీ భాషలో అక్కడ ఉన్న మాట "కారత్", నిబంధనను "కోశాడు" అని. వారి భాషలో నిబంధన చేయరు, కోస్తారు. మన బేరం తెగినట్లే!

ఆ కాలంలో మాట ఇచ్చేవారు ఆ ఖండాల మధ్యగా నడిచేవారు. నేను మాట తప్పితే ఈ పశువుకు పట్టిన గతి నాకు పట్టును గాక అని దాని భావం. యిర్మీయా 34వ అధ్యాయంలో యూదా అధిపతులు అలా దూడ భాగాల మధ్యగా నడిచి, విడిచిపెట్టిన దాసదాసీలను తిరిగి పట్టుకున్నారు. వారి నిర్ణయపు కత్తి మళ్ళీ ఆ బీదవారి మీదనే పడింది, దేవునికి కోపం వచ్చింది. ఇక్కడ మాత్రం ఎవరు నడవాలి? అబ్రాము నడవాలి గదా, లేదా ఇద్దరూ నడవాలి. అబ్రాముకు గాఢనిద్ర పట్టింది. చీకటిలో పొగ లేస్తున్న కొలిమి, మండుతున్న దివిటీ ఆ ఖండాల మధ్యగా వెళ్ళాయి. దేవుడొక్కడే నడిచాడు. మాట ఇచ్చింది ఆయనే, తప్పితే ఆ కోత నాకే అన్నదీ ఆయనే. ఆ నిర్ణయంలో అబ్రాము మీద కత్తి వ్రేలాడలేదు, నిద్రపోయాడు.

సెమినరీలో ఈ అధ్యాయం చదువుకున్న రోజుల్లో హెబ్రీ క్రియారూపాలు బట్టీపట్టడంతోనే మాకు సరిపోయేది. ఇన్నేళ్ళ తరువాత, ఇంటింటి నిర్ణయాలు వింటూ దీన్ని చదివితే ఒళ్ళు జలదరిస్తుంది. లూకా 9:51లో మన ప్రభువు యెరూషలేముకు వెళ్ళడానికి మనస్సు "స్థిరపరచుకొని" బయలుదేరాడు. స్థిరపరచుకొని! కొను ఉంది చూశారా? గ్రీకులో అక్కడ ముఖమును అటు గట్టిగా త్రిప్పుకోవడం అని ఉంటుంది. ఏమి జరుగుతుందో ఆయనకు తెలుసు, శిష్యులకు ముందే చెప్పాడు. గెత్సేమనేలో తండ్రితో పెనుగులాడాడు, చెమట కారింది. పేతురు కత్తి దూస్తే ఒరలో పెట్టమన్నాడు. నన్ను వెదకుతున్నారు గనుక వీరిని పోనివ్వండి అని సైనికులతో చెప్పినట్లు యోహాను 18లో ఉంది. నిర్ణయించుకొన్నది ఆయన. తెగింది ఆయన శరీరం. పదకొండు మంది క్షేమంగా ఇంటికి పోయారు.

సోమవారం మీ చేతిలో ఏదో ఒక కాగితం ఉంటుంది. ఆఫర్ లెటర్ కావచ్చు, లోన్ అప్లికేషన్ కావచ్చు, పెళ్ళి సంబంధం బయోడేటా కావచ్చు, నాన్నగారి ఆపరేషన్ కాగితం కావచ్చు. సంతకం పెట్టే ముందు, నా దగ్గరకు ప్రార్థనకు వచ్చే ముందు, ఆ కోత ఎవరి మీద పడుతుందో వారి ప్రక్కన ఒక అరగంట కూర్చోండి. ఊళ్ళో ఉన్న అమ్మకు వీడియో కాల్ కాకుండా ఒక బస్సు టికెట్ కొనుక్కొని వెళ్ళండి. "నేను ఇలా నిర్ణయించుకొందామని ఉన్నాను, నీకు ఇది నొప్పి కలిగిస్తుందని నాకు తెలుసు" అని మీ నోటితో చెప్పండి. వారు ఏడిస్తే ఏడవనివ్వండి. వద్దంటే, ఆ వద్దన్నదాన్ని కూడా లెక్కలో వేయండి. ఆ తరువాత "డిసైడ్ అయ్యాం" అని రండి, నేను ఆనందంగా ప్రార్థన చేస్తాను.

ఇప్పుడు ప్రార్థనలో ఏకీభవిద్దాం. ఉన్నచోటనే తలలు వంచండి. బండి నడుపుతూ వింటున్న సహోదరులు మాత్రం దయచేసి కళ్ళు మూసుకోవద్దు.